పెట్టినవాళ్లే ఎత్తాలి

"చెయ్యి పెట్టినవంటే మంచిగుండదు, రాజూ. దూరం జరుగు!"

రోజా అరుపుకు ఎదురింటి అనంతమ్మ వాకిలి ఊడ్చడం ఆపి, చీపురు పట్టుకుని నిలబడింది. ఊడ్చే పనికన్నా వినే పని ఆమెకు ఎప్పుడూ ఇష్టమే.

రాజశేఖర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై మూడేళ్లవాడు, రోజాకు ఒక్కగానొక్క మరిది. పదకొండేళ్లుగా వదిన చేతి అన్నం తింటున్నాడు గానీ ఆమెకు ఇంత గొంతుందని ఇవాళే తెలిసింది.

"వదినా, జర చూడనియ్యి. సెట్టింగులల్ల ఏదన్న మారిస్తే..."

"నువ్వు మార్చింది సాలు. నువ్వు మార్చినందుకే గిట్లయింది."

దసరా మరునాడు, ఏకాదశి. మిగతా ఇళ్లలో నిన్నటి భక్షాలు వేడి చేసుకుని తింటున్న వేళ. రోజా మాత్రం ఆరింటికే తలస్నానం చేసి, పూజగదిలోంచి లాప్‌టాప్‌ను కళ్లకద్దుకుని తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టింది. నవమి నాడు మూత మీద తాను గీసిన విభూతి గీతలు మూడూ చెక్కుచెదరలేదు. తెరిచి చూస్తే లోపల మాత్రం అంతా మారిపోయి ఉంది. తెర మీద ఎన్నడూ చూడని నీలిరంగు పువ్వు. ఎడమ పక్కన ఉండాల్సిన గుర్తులన్నీ మధ్యకు జరిగి కూర్చున్నాయి.

అది కూడా పర్వాలేదు. కొత్త పువ్వుతో ఆమెకేం పగ లేదు. కుట్టు ప్రోగ్రాం తెరుచుకోకపోవడమే అసలు గొడవ.

లాప్‌టాప్ పక్కనే ఎంబ్రాయిడరీ మిషన్ ఉంది. దాని ఫ్రేములో వంకాయరంగు పట్టుగుడ్డ బిగించి ఉంది. న్యాల్‌కల్ బాలమణి కూతురు నందిని నిశ్చితార్థం జాకెట్టు అది. ఒక చేతికి గోపురాలూ నెమళ్లూ కుట్టడం అయిపోయింది. రెండో చేతికి గుడ్డ తప్ప ఏమీ లేదు. మిషన్ దానంతటది కుట్టలేదు. లాప్‌టాప్‌లోని ప్రోగ్రాం వైరు గుండా చెప్తే కుడుతుంది. ఆ ప్రోగ్రాం తెరుచుకోవాలంటే లాప్‌టాప్‌కు ఒక చిన్న పుల్ల గుచ్చాలి. డాంగిల్ అంటారు, తాళంచెవి లాంటిది. అందులో పచ్చ దీపం వెలిగితేనే తాళం తీసినట్టు. ఇవాళ పొద్దున్నుంచి ఆ దీపం వెలగలేదు.

"ఫైళ్లన్నీ ఉన్నయ్ వదినా. ఒక్కటి కూడ పోలె. చూడు, నీ డిజైన్లు నూట నలభై ఆరు, అన్నీ లెక్కకున్నయ్."

"ఉంటే తెరువు."

రాజశేఖర్ ఒకదాని మీద నొక్కాడు. ఈ సిస్టమ్‌లో ఇది నడవదు అంటూ తెల్లటి డబ్బా ఒకటి వచ్చింది. ఇంకొకటి నొక్కాడు. అదే డబ్బా.

"ఇంకోటి తెరువు. నూట నలభై ఆరు ఉన్నయంటివి కదా. తెరువు!"

"అది... ప్రోగ్రాం పాతది వదినా. కొత్త సిస్టమ్ దాన్ని నడవనిస్తలేదు. డాంగిల్ గూడ గుర్తువడ్తలేదు."

"అది ఎక్కించెటప్పుడు తెల్వలేదా నీకు?"

"పాతదానికి ఇగ అప్‌డేట్లు రావు. వైరస్‌లు ఒస్తయ్. మంచికే చేసిన. అసలైతే ఈ లాప్‌టాప్ కొత్త సిస్టమ్‌కు పనికిరాదని ముందుగాల్నే చెప్పింది. నేనే అడ్డదారిల ఎక్కించిన."

చెప్తున్నప్పుడు వాడి గొంతులో రవ్వంత గొప్ప కూడా పలికింది. వయసు అలాంటిది.

"పనికిరాదని అదే చెప్పిందా?" రోజా అడిగింది. "మిషన్‌కున్న బుద్ధి నీకు లేకపాయె."

* * *

రోజా మొగుడు నాగరాజ్ తువ్వాలు భుజాన వేసుకుని, చాయ్ గ్లాసుతో వచ్చాడు. బీదర్ రోడ్డు మీద బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఆయనది. కాలిపోయిన మోటారు ఏది తెచ్చినా విప్పి బాగుచేస్తాడు. ఇంట్లో అంటుకున్న మంటను మాత్రం చాయ్ ఊదుకుంటూ చూడటమే ఆయనకు తెలుసు.

"ఏంది లొల్లి పొద్దుగాల్నే? నలుగురు వింటున్నరు."

"విననియ్యిండ్రి. రాజు నా లాప్‌టాప్ మార్చిండని మీకు తెలుసా?"

నాగరాజ్ ఒక గుక్క తాగాడు. తెలియనివాడైతే తెలియదని వెంటనే చెప్పేస్తాడు. గుక్క అవసరం పడిందంటే తెలిసినట్టే.

"అడిగిండు. ఏస్కోరా అన్న. కొత్తదేస్తే మంచిదే కదా అనుకున్న."

"నన్నడగాలని అనిపించలేదా?"

"నువ్వు కోహీర్‌ల తల్లిగారింట్ల ఉంటివి. బతుకమ్మ ఆడుకుంటున్నవ్, ఎందుకు పరేషాన్ చేసుడని..."

"ఫోన్ లేదా నాకు? రోజు రాత్రి మాట్లాడితిమి. కూరల ఉప్పు ఎంతెయ్యాలని అడిగిన్రు. పాలాయన రాలేదని చెప్పిన్రు. ఇది చెప్పనీకి నోరు రాలేదా?"

"లాప్‌టాప్ ఇంట్లదే కదా, రోజా. ఇంట్లోళ్లు ముట్టద్దా?"

"ఇంట్లది కాదు. నాది." రోజా గొంతు తగ్గించింది. తగ్గిన గొంతే ఎక్కువ భయపెట్టింది. "మీరు లేనప్పుడు మీ దుకాణంకు పోయి, వైండింగ్ మిషన్ ఇప్పి, నాకు మంచిగనిపించిన సామాన్ ఏస్తే ఊకుంటరా? చెప్పుండ్రి. ఊకుంటరా?"

నాగరాజ్ గ్లాసులోకి చూశాడు. అందులో చాయ్ అయిపోయింది.

వంటింటి గడప దగ్గర అత్తగారు చెన్నమ్మ చాటలో పెసలు ఏరుతోంది. చెన్నమ్మ పుట్టిల్లు బీదర్ దిక్కు. పెళ్లికి ముందు తన ఇల్కల్ చీర కొంగుకు సొంత చేత్తో కసూతి కుట్టింది. ముడి వెయ్యకుండా, దారాలు లెక్కపెట్టుకుంటూ కుట్టే పని అది. నాలుగేళ్ల కింద రోజా ఆ చీరను ఒడిలో పరుచుకుని, సూది మొనతో పోగులు లెక్కపెట్టి, ఒక్కో గోపురాన్నీ ఒక్కో ఏనుగునూ లాప్‌టాప్‌లో చుక్కలు చుక్కలుగా గీసుకుంది. నూట నలభై ఆరు డిజైన్లంటే అవే. "మిషన్ కుట్టు కూడ ఒక కుట్టేనా?" అని చెన్నమ్మ చాలాసార్లు మూతి తిప్పింది. తిప్పుతూనే ఏ బొమ్మను ఏమంటారో ఒక్కొక్కటీ చెప్పి రాయించింది.

ఈ ఊళ్లో జాకెట్లు కుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గోపురం కుట్టేది మాత్రం రోజా ఒక్కతే. అందుకే న్యాల్‌కల్ నుంచి, మొగుడంపల్లి నుంచి ఆడవాళ్లు బస్సెక్కి వచ్చి నాగరాజ్ ఇల్లు ఎక్కడని అడగరు. రోజా ఇల్లు ఎక్కడని అడుగుతారు. ఈ సంగతి నాగరాజ్‌కు తెలుసు. తెలిసినా ఎప్పుడూ పైకి అనలేదు.

* * *

"అసలు సంగతి చెప్పుండ్రి," అంది రోజా. "వైరస్ కత నేను నమ్మ. ఏడేండ్లు రాని వైరస్ నేను బతుకమ్మకు పోంగనే ఒస్తదా?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆదివారం పరీక్షుంది, వదినా," అన్నాడు రాజశేఖర్. "బ్యాంక్ ఉద్యోగంది. ఇంట్ల కూసోని కెమెరా ముంగట రాయాలె. కొత్త సిస్టమ్ లేకుంటే వాళ్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. నెట్ సెంటర్‌ల రాయనియ్యరు. గదిల ఒక్కరే ఉండాలె."

రోజా కుర్చీలో కూర్చుంది. పొద్దున్నుంచి నిలబడే ఉందని అప్పుడే గుర్తొచ్చింది.

"పరీక్ష కోసమని అడిగితే నేను ఇయ్యకపోదునా?"

రాజశేఖర్ తెర మీది తెల్ల డబ్బాను మూసేశాడు.

"రాజూ, నీ రెండు పరీక్షలకు పొద్దుగాల నాలుగింటికి లేసి డబ్బా కట్టింది ఎవ్వరు? నీ ఫారం నింపింది ఈ లాప్‌టాప్‌లనే కదా, నా పక్కన కూసోని? అడిగితే, నందిని జాకెట్ ముందుగాల కుట్టి పంపి, నా ప్రోగ్రాంకు ఏదన్న దారి చూసుకొని, నేనే నీ చేతుల పెడుదు. ఎందుకు అడగలేదు?"

"అడిగితే వద్దంటవని..." అన్నాడు నాగరాజ్.

"వద్దంటనని మీకు మీరే అనుకున్నరు. అనుకొని నా నోరు నాకు లేకుండ చేసిన్రు. అంతేనా?"

"గంత పెద్ద మాటెందుకు? గోటితోని పోయేదానికి గొడ్డలెందుకు తెస్తవ్? ఒక జాకెట్. ఒక్క చెయ్యి. గంతే కదా!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రోజా లేచి, ఫ్రేమును మిషన్ నుంచి ఊడబీకి, వంకాయరంగు పట్టును ఆయన మొహం ముందు పట్టుకుంది.

"ఒక్క చెయ్యే. సోమవారం పొద్దుగాల నిశ్చితార్థం. ఒక చేతికి నెమళ్లు, ఒక చేతికి ఏం లేకుండ పీటల మీద కూసోమని మీరు చెప్తరా ఆ పొల్లకు?"

"చేతితోని కుట్టు. అవ్వ కుట్టలేదా ఆ రోజులల్ల?"

పెసలు ఏరే చెయ్యి ఆగింది.

"నాకు రెండేండ్లు పట్టింది రా, నాగా," అంది చెన్నమ్మ. "ఒక్క కొంగుకు. సోమవారం వరకు కుడ్తదా నీ పెండ్లం?"

నాగరాజ్ మళ్లీ గ్లాసు పైకెత్తాడు. ఖాళీ గ్లాసని మరిచిపోయాడు.

* * *

"సరే." రోజా మరిది వైపు తిరిగింది. "కోపం తర్వాత. పని చెప్పు. పాత సిస్టమ్ మల్ల ఎక్కియ్యి."

"పాతదేస్తే ఖాళీగ ఒస్తది వదినా. నీ ప్రోగ్రాం మల్ల కొత్తగ పెట్టుకోవాలె. దానికి ప్రోగ్రాం అమ్మిన దుకాణపాయన కోడ్ ఇయ్యాలె."

"ఆయనకు పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేసిన. ఆ నంబరే లేదంటుంది. హైదరాబాద్‌ల దుకాణం ఎత్తేసి రెండేండ్లాయెనంట." ఆమె ఊపిరి తీసుకుంది. "కోడ్ లేకుండ, ఉన్నది ఉన్నట్టు వెనక్కి పోయే దారే లేదా?"

"ఉండె," అన్నాడు రాజశేఖర్.

అని నాలుక కరుచుకున్నాడు. నాగరాజ్ తమ్ముణ్ని గుడ్లురిమి చూశాడు. ఆ చూపు రోజా కంటపడింది.

"ఉండె అంటే?"

"ఏం లేదు వదినా..."

"ఉండె అంటే ఏంది? ఎన్నడుండె? ఇప్పుడెందుకు లేదు?"

"కొత్తది ఎక్కించినంక పది రోజుల దాక ఒక బటన్ ఉంటది. అది నొక్కితే పాత సిస్టమ్ మొత్తం, నీ ప్రోగ్రాంతోని, డాంగిల్‌తోని, ఎట్లున్నది గట్లనే వాపస్ ఒస్తది. పది రోజులు దాటితే పాతదాన్ని అదే తీసేస్కుంటది. ఇగ బటన్ పని చెయ్యదు."

"ఎన్నడు ఎక్కించినవ్?"

"నువ్వు కోహీర్ పోయిన మరునాడు."

"అంటే పెత్రమాస," అంది చెన్నమ్మ.

చాట పక్కన పెట్టింది. లాప్‌టాప్‌లో ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. తిథుల లెక్క మాత్రం ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పలేదు.

"నేను మీ తాతల పేరు మీద జంగమయ్యకు బియ్యం ఇచ్చి ఒచ్చేలోపల, ఇంట్ల ఈ పని పెట్టుకున్నవా? అమాస నాడు కొత్త పని ఎవ్వరన్న పెడ్తరా?" అంటూ బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "పాడ్యమి ఒకటి. విదియ రెండు. తదియ మూడు. చవితి, పంచమి, షష్ఠి... సప్తమి ఏడు. అష్టమి ఎనిమిది, నవమి తొమ్మిది. దశమి..."

బొటనవేలు కణుపు మీదే ఆగిపోయింది.

"నిన్నటికి పది," అంది మెల్లగా.

* * *

నిన్న.

నిన్న మధ్యాహ్నం రోజా పూజగదిలో ఈ లాప్‌టాప్ ముందే నిలబడింది.

ఇది వాళ్ల ఇంటి రివాజు. నవమి సాయంత్రం ఎవరి పనిముట్లు వాళ్లు కడిగి, విభూతి పెట్టి, పూజలో ఉంచుతారు. వాటికి అది విశ్రాంతి. ఏకాదశి పొద్దున దాకా ఎవరూ ముట్టరు. ఎత్తేటప్పుడు కూడా పెట్టినవాళ్లే ఎత్తాలి. ఒకరు పెట్టింది ఇంకొకరు ఎత్తితే పని చెడుతుందని చెన్నమ్మ అత్తగారి కాలం నుంచీ నమ్మకం. నవమి నాడు పుట్టింటి నుంచి దిగీ దిగగానే రోజా కత్తెరలు, సూదులు, లాప్‌టాప్ అన్నీ వరసగా పెట్టింది. మూత తెరిచి చూసుకునే తీరిక కూడా లేకపోయింది.

నిన్న మనసు ఆగలేదు. చెన్నమ్మ ఝరాసంగం గుడికి పోయింది. రెండు గంటలు కూర్చుంటే రెండో చెయ్యి అయిపోతుంది. మొగుణ్ని అడిగింది. "పెట్టింది నేనే కదా, నేనే ఎత్తితే తప్పా?" అని.

"వద్దు రోజా," అన్నాడు నాగరాజ్. ఎంత మెత్తగా అన్నాడు! "పూజల ఉన్న పనిముట్టు ముట్టద్దు. అవ్వకు తెలిస్తే మనసు నొచ్చుకుంటది. శివుని ముంగటికెల్లి తీస్తే ఏం కలిసొస్తది? రేపు పొద్దుగాల ఎత్తుకో. ఒక్క రాత్రే కదా."

ఆ మెత్తదనానికి ఆమె కరిగిపోయింది. మొగుడికి భక్తి కుదిరిందని సంతోషపడింది కూడా. ఆ సంతోషం గుర్తొచ్చి ఇప్పుడు రోజాకు ఒళ్లంతా మండింది.

"నిన్న నాలుగింటికి," అంది ఆమె, "మొగుడంపల్లి సాయన్న కాలిన మోటార్ తెస్తే, నీ పానలు పూజలకెల్లి ఎత్తుకొని దుకాణం పోయినవ్. ఎత్తినవా లేదా?"

పదకొండేళ్లలో మొదటిసారి ఆమె నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ తేడా అందరికీ వినపడింది. అనంతమ్మకు కూడా వినపడి ఉంటుంది.

"చేను ఎండుతుండె. రైతు ఆగుతడా?"

"నీ పానలకు రివాజు లేదు. నా లాప్‌టాప్‌కు ఉన్నది. నీకు తెలుసు. నిన్న ఆఖరు రోజని నీకు తెలుసు!"

"నాకేం తెల్సు? నేను మోటార్లు చేసెటోణ్ని. బటన్లు గిటన్లు నాకేం..."

"నేను చెప్పిన, వదినా."

రాజశేఖర్ తల వంచుకుని ఉన్నాడు. మాట నేలకు చెప్పినట్టు వచ్చింది.

"నోర్ముయ్ రా!" అన్నాడు నాగరాజ్.

"నిన్న పొద్దుగాల్నే చెప్పిన అన్నకు. ఇయ్యాల ఆఖరు, వదినను అడుగుదం, వెనక్కి కావాలంటే వెనక్కి పెడ్త, పరీక్షకు ఎవ్వరిదన్న లాప్‌టాప్ అడుక్కుంట అని. ఈ రోజు గడవనియ్యిరా, గడిస్తే ఎవ్వరేం చేస్తరు అన్నడు."

నాగరాజ్‌కు దొంగకు తేలు కుట్టినట్టయింది. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఎదుటి వాకిట్లో చీపురు చప్పుడు ఇంకా మొదలవలేదు.

"మూడోసారి రాస్తుండు వాడు," అన్నాడు నాగరాజ్ చివరికి. "ఈసారి పోతే వాడు ఇంకేం చెయ్యలేడు. వాన్ని నా తీరుగనే వైండింగ్ దుకాణంల కూసోబెట్టాల్నా? నా చేతులు చూడు, వార్నిష్ తోని ఎట్లయినయో. వాని కోసమే చేసిన. నీ మీద పగతోని చెయ్యలే, రోజా. నీకు పని ఎట్లన్న దొరుకుతది."

"దొరుకుతది," అంది రోజా. "నేను చేసేది పని. రాజు చెయ్యబోయేది ఉద్యోగం. పని ఎవ్వరన్న, ఎప్పుడన్న తీసి అవతల పడెయ్యొచ్చు. గదే కదా నీ లెక్క?"

"అట్ల కాదు..."

"సుమ్నిరు!"

చెన్నమ్మ లేచి నిలబడింది. బాగా కోపమొస్తే ఆమెకు తెలుగు పోయి పుట్టింటి కన్నడం వస్తుంది. ఊరుకో అని ఆ మాటకు అర్థం. ఈ ఇంట్లో ఆ మాట విన్నాక ఆమె మొగుడు రేవణసిద్ధప్ప కూడా ఊరుకుంటాడు. ఆయన తెల్లారకముందే చేనుకు పోయాడు కాబట్టి బతికిపోయాడు.

"నా పేరు చెప్పినవా? అవ్వకు మనసు నొచ్చుకుంటదని నా పేరు చెప్పినవా?"

"అవ్వా, రివాజే చెప్పిన కదా. అబద్ధం ఎక్కడాడిన?"

"శివుని ముంగట పెట్టిన సామాను చూపించి పెండ్లాన్ని ఆపినవ్. అదే సామానుల నీది నువ్వు ఎత్తుకపోయినవ్. అబద్ధం ఆడితే జర నయముండు." ఆమె వంకాయరంగు పట్టు వైపు చూపించింది. "ఆ గోపురం నాది రా. నా పెండ్లికి ముంగట నా కండ్లతోని కుట్టుకున్నది. చీర చినిగిపోతుంది. రోజా ఎక్కించుకుంది కాబట్టి ఇంకా ఉన్నదనుకుంటి."

* * *

రోజాకు ఏడుపు వస్తుందేమోనని ముగ్గురూ ఎదురుచూశారు. ఏడుపైతే వాళ్లకు తేలిక. ఓదారిస్తే సరిపోతుంది.

ఆమె ఏడవలేదు. లాప్‌టాప్ ఆపింది. వైరు పీకింది. వెలగని డాంగిల్‌ను తీసి కొంగుకు ముడేసుకుంది. మూత మూసి, రెండు చేతులతో ఎత్తి పూజగదిలోకి నడిచింది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు నాగరాజ్ వెనకే వస్తూ.

రోజా విభూతి ఉండ తీసుకుని, తడి వేళ్లతో రుద్ది, మూత మీద పాత గీతల మీదుగా మళ్లీ మూడు గీతలు గీసింది. నిన్నటి జమ్మి ఆకులు రెండు వాటి పైన పెట్టింది. దండం పెట్టుకుంది.

"పూజల పెడ్తున్న."

"పండుగ నిన్ననే ఒడిసింది కదా?"

"నీకు ఒడిసింది. నాకింకా ఒడవలేదు. పూజల ఉన్న పనిముట్టు ముట్టద్దు. నిన్న నువ్వే చెప్పినవ్, గంత మెత్తగ."

రాజశేఖర్ గుమ్మం పట్టుకున్నాడు. "వదినా, ఎల్లుండే పరీక్ష..."

"తెలుసు."

"ఎప్పుడు ఎత్తుతవ్?"

"ఆ రెండో చెయ్యి ఎట్ల కుట్టాల్నో మీ అన్నను చెప్పమను. కుట్టి ఆ పొల్ల చేతుల పెట్టినంక ఎత్తుత."

"వాని బతుకుతోని ఆటలాడుతున్నవా?" నాగరాజ్ గొంతు లేచింది. ముందుకు వచ్చి లాప్‌టాప్ మీదికి చెయ్యి చాచాడు. "జరుగు. నేనే ఎత్తుత."

ఆ చేతికీ లాప్‌టాప్‌కూ మధ్య చెన్నమ్మ వచ్చి నిలబడింది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె కొడుకును తిట్టలేదు. దీపంలో నూనె పోసి, ఒత్తి ఎగదోసి, పూజగది గడప లోపల, పెసల చాట పెట్టుకుని కూర్చుంది.

"పెట్టినోళ్లే ఎత్తాలె, నాగా," అంది. "మన ఇంటి రివాజు."

చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. రాజశేఖర్ అన్న వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. వదిన వైపు చూసే ధైర్యం వాడికి చాలలేదు.

ముందుగదిలో బల్ల మీద రోజా ఫోన్ మోగింది. ఆమె వెళ్లి తీసుకుని, స్పీకర్ నొక్కింది.

"రోజమ్మా, నేను బాలమణిని. రెండో చెయ్యి అయిందా బిడ్డా? నందిని ఏసుకొని చూస్తనని నా పాణం తీస్తుంది. సోమవారం దాక ఆగమంటే వింటలేదు. న్యాల్‌కల్‌ల బస్సెక్కినం. అర్ధగంటల మీ ఇంట్ల ఉంటం."

రోజా పూజగది గుమ్మం దాకా నడిచి, ఫోన్‌ను మొగుడి మొహం ముందు పెట్టింది.

"చెప్పు," అంది. "దశమి నాడు నాకు చెప్పినట్టే, మెత్తగ చెప్పు."

నాగరాజ్ ఫోన్ అందుకోలేదు. అవతల బస్సు హారన్ల మధ్య బాలమణి హలో, హలో అంటూనే ఉంది.